మీ ఒక్కరికే కుట్టాను

ఆ మేడ కడుపులో ఒక డక్టు ఉంది. కట్టినవాడు గాలీ వెలుతురూ రావాలని వదిలిపెట్టిన సందు అది. కింద పార్కింగు నుంచి పైన డాబా దాకా, నాలుగు గోడల మధ్య నిలువుగా పోయే ఇరుకు గొట్టం. ఇప్పుడు దాంట్లోంచి గాలీ రాదు, వెలుతురూ రాదు. మూడు అంతస్తుల వాళ్ళూ తమ ఏసీల బయటి పెట్టెలన్నీ దాంట్లోకే వేలాడదీశారు. గదికొకటి. లోపల చల్లగా ఉండాలంటే లోపలి వేడిని ఎక్కడో ఒకచోట పారబొయ్యాలి కదా, డక్టులో పారబోశారు. వేడిగాలి కింద పడి ఉండదు, పైకే పోతుంది. పైన, డాబా కింద, దర్జీ అక్క ఇల్లుంది. ఆ ఇంటి వెనకగది కిటికీ డక్టులోకే తెరుచుకుంటుంది. కిటికీ పక్కన మంచం. మంచం మీద దర్జీ అక్క తమ్ముడు.

కథ ఇంతే. మిగిలిందంతా ఆ వేడిని ఎవరు ఆపాలన్న పేచీ.

తమ్ముణ్ణి అందరూ ఆవిరి అని పిలుస్తారు. బట్టలకి రంగులద్దే మిల్లులో బాయిలరు దగ్గర పనిచేసేవాడు. ఒక ఎండాకాలం ఆ బాయిలరు గదిలోనే విరుచుకు పడిపోయాడు. ఆస్పత్రి వాళ్ళు ఐసుగడ్డల్లో పొర్లించి బతికించారు. బతికాడు గానీ, ఒంటికి చెమట పట్టడం మానేసింది.

"ఇతని ఒంటికి తనని తాను చల్లబరుచుకునే తెలివి పోయిందమ్మా," అన్నాడు డాక్టరు. "ఇంకోసారి ఒళ్ళు అలా కాగిందంటే ఇక మా చేతుల్లో ఏం ఉండదు."

దర్జీ అక్క ఆ మాటని గుండెలకి కుట్టేసుకుంది. ఆవిరి మాత్రం ఇంటికొస్తూ లిఫ్టులో, "మంచిదేగా అక్కా, ఇక నా చొక్కాలు ఉతికే పని తప్పింది నీకు," అన్నాడు.

వాళ్ళింట్లోనూ ఏసీ ఉంది. దాని పెట్టె కూడా డక్టులోనే. పొద్దున బాగానే నడిచేది. కింది పెట్టెలన్నీ మొదలవగానే, అది పీల్చాల్సిన గాలే పొయ్యిలోంచి వచ్చినట్టు ఉండేసరికి, ఉక్కిరిబిక్కిరై ఆగిపోయేది. మెకానిక్కు వచ్చి అటూ ఇటూ తట్టి చూసి, "దీని తప్పేం లేదమ్మా. వేడిని తీసుకెళ్ళి వేడిలోకి ఎలా తోస్తుంది పాపం?" అని చేతులు తుడుచుకున్నాడు. కిటికీ మూస్తే నెత్తిమీద డాబా కాలుస్తుంది. తెరిస్తే పక్కనుంచి డక్టు కాలుస్తుంది. ఇల్లు మారదామంటే ఆస్పత్రి ఉన్నది ఈ వీధిలోనే, బట్టలు కుట్టించుకునేవాళ్ళు ఉన్నదీ ఈ వీధిలోనే. ముందుగదిలో కుట్టుమిషను, వెనకగదిలో తమ్ముడు. ఆమె లోకం ఆ రెండు గదులే.

వయసులో ఉన్నప్పుడు ఆమె రెడీమేడు బట్టల ఫ్యాక్టరీలో కుట్టేది. ఆడవాళ్ళని బాత్రూముకి కూడా కదలనివ్వని సూపర్‌వైజరు మీద కోపంతో షెడ్డు షెడ్డంతా ఒక్కసారి మిషన్లు ఆపేసిన రోజున ఆమె అక్కడే ఉంది. అన్ని మిషన్లూ కలిసి ఆగినప్పుడు వచ్చే నిశ్శబ్దం ఎలా ఉంటుందో ఆమె చెవులకి తెలుసు. అంతకు మించిన పాట ఆమె మళ్ళీ వినలేదు. అందుకే ఆమెకి "మనం" అన్న మాట మీద అంత పిచ్చి నమ్మకం.

ఆ నమ్మకంతోనే మెట్లు దిగి వెళ్ళి అడిగింది. మధ్యాహ్నం పూట వాడని గదుల్లో ఏసీలు ఆపండి, వాడే గదిలో కాస్త తగ్గించి పెట్టుకోండి, అందరం కలిసి ఈ ఎండాకాలం గట్టెక్కుదాం అని.

మొదటి అంతస్తు ప్లీడరుది. "ఏమ్మా, నా ఇల్లు, నా కరెంటు, నా బిల్లు. నీ అభ్యంతరం ఏ సెక్షను కింద?" అని తన జోకుకి తనే నవ్వుకున్నాడు.

"సెక్షన్లు నాకు తెలీవండి. పైన మా తమ్ముడున్నాడు, అది తెలుసు."

"కిటికీ మూసుకోమను."

రెండో అంతస్తు ఆవిడ వీధి చివర బ్యూటీపార్లరు నడుపుతుంది. "అయ్యో అక్కా, నాకు మాత్రం జాలి లేదా? కానీ నేనొక్కదాన్నే ఎందుకు ఉడకాలి చెప్పు. ముందు వాళ్ళిద్దర్నీ ఆపమను. మర్నాడే నేనూ ఆపేస్తా."

మూడో అంతస్తులో జిమ్ము మాస్టారు. భుజాలు గుమ్మానికి పట్టవు. "ఆంటీ, నేనొక్కణ్ణి ఆపితే భూమి చల్లబడిపోతుందా? ముందు ఆ పెద్దపెద్ద ఫ్యాక్టరీల్ని ఆపమనండి."

"భూమి సంగతి తర్వాత బాబూ. నా తమ్ముడి గది చల్లబడుతుంది."

"ఆయనకి నేను మంచి ఎక్సర్‌సైజులు చెప్తాగా," అని తలుపేసుకున్నాడు.

ఆమె ఊరుకోలేదు. "మనందరం కలిసి" అని పెద్ద అక్షరాలతో ఒక కాగితం రాసి లిఫ్టులో అంటించింది. సాయంత్రానికి దాని కింద ఎవరో "మీరు మొదలెట్టండి" అని రాశారు.

ఈ ముగ్గురూ చెడ్డవాళ్ళు కారు. చిక్కంతా అక్కడే ఉంది. చెడ్డవాళ్ళయితే నాలుగు తిట్టి మనసు చల్లార్చుకునేది. వాళ్ళు మామూలు మనుషులు. బయట వేడెక్కిందని లోపల ఇంకాస్త చల్లగా పెట్టుకుంటారు. లోపల చల్లబెట్టిన కొద్దీ బయట ఇంకాస్త వేడెక్కుతుంది. బయట వేడెక్కిందని మళ్ళీ లోపల... ఎవడి గదిలో వాడు రగ్గు కప్పుకుని పడుకుంటాడు, మండు వేసవిలో. ఒక్క డక్టులో జరిగేది ఊరంతా జరుగుతోంది, ఊళ్ళన్నిట్లోనూ జరుగుతోంది. ఆకాశం కూడా ఒక డక్టే. దానిలోకి తెరుచుకునే కిటికీ పక్కన ఎవరో ఒకరు పడుకునే ఉంటారు. మనకి కనపడరు, అంతే.

దర్జీ అక్క బుర్రలో దీపం వెలిగింది పార్లరావిడ కొత్త గుడ్డ పట్టుకొచ్చిన రోజున. కొలతలు తీసుకుంటూ ఉంటే ఆవిడ, "ఈ మెడ డిజైను ఇంకెవ్వరికీ కుట్టకూడదక్కా. ఒట్టెయ్యి," అంది. దర్జీ అక్క నోట్లో గుండుసూదులు ఉన్నాయి గనక తలూపి ఊరుకుంది. ఈ మాట ఆమె రోజూ వినేదే. కుట్టించుకునే ప్రతి మనిషీ అనేదే. పక్కవాళ్ళకి ఉందంటే వద్దు, పక్కవాళ్ళకి లేదంటే కావాలి. సూదులు ఒక్కొక్కటే తీసి గుడ్డకి గుచ్చుతూ, ఇన్నాళ్ళూ నేను గుడ్డని తప్పుగా కత్తిరిస్తున్నాను అనుకుంది.

మందపాటి గుడ్డ తెచ్చి ఒక పరదా కుట్టింది. ఇంట్లోకి కనిపించే వైపు గులాబిరంగు. ఎండవైపు తెల్లటి లైనింగు. దాన్ని మడిచి చంకన పెట్టుకుని రెండో అంతస్తుకి దిగింది.

"ఇది నీ ఒక్కదానికే కుట్టానమ్మా. ఇంకెవరికీ చెప్పకు. మధ్యాహ్నం పడమటి కిటికీకి ఇది లాగేసి, పడుకునే గదిలో మాత్రం ఏసీ ఇరవై ఆరు మీద పెట్టి ఫ్యాను తిప్పు. ఆ పద్దెనిమిది చలి నీ చర్మాన్ని ఎలా పీల్చేస్తోందో అద్దంలో చూసుకున్నావా? ఊళ్ళోవాళ్ళ ముఖాలకి మెరుగులు దిద్దేదానివి, నీ ముఖమే ఎండిపోతే ఎలా?"

పార్లరావిడ చెంప తడుముకుంది. "కింద ప్లీడరు గారి వాళ్ళకి చెప్పావా?"

"వాళ్ళకి ఇవన్నీ ఏం తెలుసు? వాళ్ళ ముఖాలు చూడు."

ప్లీడరుకి బూడిదరంగు పరదా. "నిన్న మీ గొంతు మెట్ల మీదికి వినపడలేదండి. చల్లగాలికి గొంతు పట్టేసినట్టుంది. జడ్జీగారికన్నా వినపడుతోందా?" అంది. గొంతే పెట్టుబడి అయిన మనిషి. రెండుసార్లు సకిలించి చూసుకుని పరదా తీసుకున్నాడు.

జిమ్ము మాస్టారికి ఎర్రది. "కండలు చలిపెట్టెలో దాచుకునేవి కావు బాబూ. ఒళ్ళు చెమట పట్టడం మరిచిపోతే ఏమవుతుందో మా వాణ్ణి చూడు. మిగతావాళ్ళకి చెప్పలేదు. తట్టుకునే దమ్ము వాళ్ళకెక్కడిది?" ఆ మాటకి అతని ఛాతీ ఒక అంగుళం పెరిగింది. దర్జీ కన్ను గనక కొలత తప్పదు.

పైకి వచ్చాక ఆవిరి అడిగాడు, "ముగ్గురికీ ఇచ్చేశావా?"

"ఇచ్చేశాను."

"ఎవరొక్కరికి?"

"ముగ్గురొక్కరికి." ఇద్దరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. చాలా రోజులైంది ఆ ఇంట్లో అలా నవ్వి.

పడుకుని పడుకుని ఆవిరికి డక్టులోని చప్పుళ్ళన్నీ కంఠతా వచ్చేశాయి. మిల్లులో చప్పుడు విని బాయిలరు ఆరోగ్యం చెప్పినవాడు. ప్లీడరుగారి పెట్టె దగ్గుతుంది. పార్లరావిడది ఈలేస్తుంది. జిమ్ము మాస్టారిది పళ్ళు కొరుకుతుంది. ఆ వారంలో మంచం మీదనుంచే అరిచి చెప్పేవాడు: "అక్కోయ్, ఈల ఆగింది!" మర్నాడు, "దగ్గు తగ్గింది, మందు పనిచేసింది!" పళ్ళు కొరకడం అన్నిటికన్నా ఆఖర్న ఆగింది. పైన ఆవిరి వాళ్ళింటి ఏసీ మధ్యాహ్నం కూడా ఆగకుండా నడవడం మొదలెట్టింది. ఆవిరి లేచి కూర్చునేవాడు. ముందుగదిలోకి వచ్చి గుండీలు రంగులవారీగా ఏరి డబ్బాల్లో వేసేవాడు. పార్లరావిడ ఒక్కోరోజు ఏసీ మొత్తం ఆపేసి కిటికీ తెరుచుకుని కూర్చునేది, తన ముఖం నున్నబడిందని. జిమ్ము మాస్టారు అయితే లిఫ్టు కూడా మానేశాడు. ఎదురుపడినప్పుడు ముగ్గురూ ఒకరినొకరు చూసుకుని లోలోపల జాలిపడేవాళ్ళు, పాపం వీళ్ళకి తెలీదు కదా అని. అబద్ధం ఎంత చక్కగా నడిచిందో!

కానీ ఆమెకి లోపల ఒక ముల్లు. చర్మం గురించీ గొంతు గురించీ చెప్పింది అబద్ధమేం కాదు. "మీ ఒక్కరికే" అన్నదే అబద్ధం. షెడ్డులో మిషన్లు ఆపిన రోజున ఎవరినీ ఇలా బుజ్జగించలేదు, మాయ చెయ్యలేదు. వీళ్ళూ మనుషులే కదా. తాము ముగ్గురూ కలిసి ఒక ప్రాణాన్ని నిలబెట్టారని తెలిస్తే సంతోషించరా? పైగా డాబా ఒకటి మిగిలి ఉంది. దానికి తెల్లటి సున్నం కొట్టి, పైన గుడ్డ పందిరి వేస్తే గది ఇంకా చల్లబడుతుంది. డాబా అందరిదీ. దానికి అందరూ ఒప్పుకోవాలి. విడివిడిగా చెవిలో ఊదితే అయ్యే పని కాదు.

"చెప్పకు అక్కా," అన్నాడు ఆవిరి, గుండీలు ఏరుతూ.

"ఏం, వాళ్ళు రాళ్ళా?"

"రాళ్ళని ఎవరన్నారు? వాళ్ళకి నచ్చింది నా ప్రాణం కాదే, ఎవరికీ తెలీని సంగతి తమకొక్కరికే తెలియడం. అది లాగేసుకున్నావంటే వాళ్ళ చేతిలో ఏం మిగులుతుంది?"

"నా తమ్ముడు మిగులుతాడు."

"వాళ్ళకి తమ్ముణ్ణి కాదుగా నేను," అని నవ్వి ఎర్ర గుండీ ఒకటి ఆమె మీదికి విసిరాడు.

లిఫ్టు మరమ్మతు గురించి పార్కింగులో మీటింగు పెట్టారు. ప్లాస్టిక్ కుర్చీలు, మధ్యలో బిస్కెట్లు. మరమ్మతు మాటలయ్యాక దర్జీ అక్క లేచి డాబా సంగతి ఎత్తింది. ముగ్గురూ ముఖాలు పక్కకి తిప్పుకున్నారు. "దాంతో మాకేంటి?" అన్నాడు జిమ్ము మాస్టారు, నవ్వుతూనే. ఆ నవ్వు చూసి ఆమె నోరు ఆగలేదు.

"మీకేంటని అడగొద్దు బాబూ. మీరు ఇప్పటికే చేశారు! మీకే తెలీదు. మీ ముగ్గురూ కలిసి మధ్యాహ్నాలు ఏసీలు తగ్గించబట్టే నా తమ్ముడు లేచి కూర్చున్నాడు. మీ ముగ్గురి ఇళ్ళలోనూ ఒకే పరదా. రంగులే వేరు. వెనక లైనింగు ఒకే తానులోంచి కోసిన గుడ్డ. మనం చెయ్యగలం అనడానికి ఇంతకన్నా ఏం కావాలి?"

ఆమె కళ్ళల్లో నీళ్ళు. చప్పట్లు కొడతారనుకుంది, పిచ్చిది.

ముందుగా పార్లరావిడ అంది: "అంటే ప్లీడరు గారికి కూడా కుట్టావా?"

"నాకు దమ్ముందన్నారు ఆంటీ మీరు," అన్నాడు జిమ్ము మాస్టారు. అతని పెద్ద ముఖం చిన్నపిల్లాడి ముఖంలా అయిపోయింది. "అదంతా మీ తమ్ముడి కోసమా?"

"నీ కోసం కూడా బాబూ."

"నా ఒక్కడి కోసం అన్నారు."

ప్లీడరు బిస్కెట్టు పొడి దులుపుకుని లేచాడు. "ఏమ్మా, మాకు చెవిలో పువ్వులు పెట్టి ఆడించావన్నమాట. ఇక డాబా అంటావా, అది అందరి ఆస్తి. ఏ ఒక్కరు కాదన్నా దాని మీద చెయ్యి వెయ్యడానికి వీల్లేదు. నేను కాదంటున్నాను."

వినండి ఆ న్యాయం. డక్టులో వేడి పొయ్యడానికి నా ఇల్లు నా ఇష్టం. డాబా మీద నీడ వెయ్యడానికి అది అందరి ఆస్తి.

మర్నాడు పార్లరావిడ పరదా మడిచి తెచ్చి మిషను మీద పెట్టింది. వెళ్ళే ముందు కుట్టించుకోవడానికి ఇచ్చిన గుడ్డ కూడా తీసేసుకుంది. జిమ్ము మాస్టారు ఎర్ర పరదాని మెట్ల మీద పడేశాడు. ప్లీడరు తనది తిరిగివ్వలేదు, పారెయ్యలేదు. పార్కింగులో తన కారు మీద కప్పాడు. తెల్ల లైనింగు పైకి. కారు చల్లగా ఉంటుందిట.

ఆవిరి ఒక్క మాట కూడా దెప్పలేదు. దెప్పినా బాగుండు అనిపించింది ఆమెకి. "అక్కోయ్, ఈల మొదలైంది," అన్నాడంతే. ఆ తర్వాత దగ్గు. ఆ తర్వాత పళ్ళు కొరకడం. ఇదివరకటి కన్నా ఎక్కువ. మోసపోయామన్న ఉక్రోషం కదా, ఒకరు తగ్గిస్తే రెండోవాడికి లోకువైపోతామన్నట్టు గదిగదికీ పెట్టి నడిపారు.

ఆమె అందరి కాళ్ళూ పట్టుకుంది. తప్పయిపోయింది అంది. పార్లరావిడ తలుపు సందులోంచి, "ఇప్పుడు ఏం చెప్పినా నాకు మాత్రమే చెప్తున్నావో అందరికీ చెప్తున్నావో ఎలా తెలుస్తుంది అక్కా?" అంది. దర్జీ అక్క తన మాటకి ఉన్న విలువ తనే ఖర్చు పెట్టేసింది.

ఇక మిగిలింది చల్లటి వార్డు ఒక్కటే. ఆస్పత్రికి వెళ్ళి నాలుగు రోజులు చేర్చుకోమంది. జబ్బుంటే చేర్చుకుంటాం, జబ్బు రాబోతోందని చేర్చుకోం అన్నారు.

వడగాడ్పు వచ్చింది. పక్షులు కూడా నోళ్ళు తెరుచుకుని గోడనీడల్లో కూర్చున్న రోజులవి. ఆ మధ్యాహ్నం ఆమె ముందుగదిలో మిషను తొక్కుతోంది. వెనకగదిలోంచి ఆవిరి ఏదో పాత మిల్లు సంగతి చెబుతున్నాడు. చెబుతున్నవాడు మాట మధ్యలో సూపర్‌వైజరుని తిట్టడం మొదలెట్టాడు, ఆ సూపర్‌వైజరు ఎదురుగా ఉన్నట్టు. "వాల్వు తిప్పరా! వాల్వు!" అని అరిచాడు. ఆమె పరుగెత్తుకెళ్ళి నుదుటి మీద చెయ్యి వేసింది. ఇస్త్రీపెట్టె మీద వేసినట్టు చుర్రుమంది. చెమట బొట్టు లేదు.

ఆస్పత్రికి ఫోను చేసింది. అంబులెన్సులన్నీ తిరుగుతున్నాయి, ఇలాంటి కేసులే అన్నీ, వరసలో వస్తుంది అన్నారు. తడిగుడ్డలు చుట్టింది. బకెట్టు నీళ్ళు మంచం మీదే కుమ్మరించింది. కుళాయి నీళ్ళు కూడా కాగే ఉన్నాయి. డక్టులోంచి వేడి బుసకొడుతూ వస్తోంది. తమ ఇంటి ఏసీ ఎప్పుడో ఆగిపోయింది. దగ్గు, ఈల, పళ్ళు కొరకడం, మూడూ కలిసి మోగుతున్నాయి.

ఆమె మెట్లు దూకింది. మూడో అంతస్తు తలుపు బాదింది. పలకలేదు. తాళం. రెండో అంతస్తు. తాళం. మొదటి అంతస్తు. తాళం. ముగ్గురూ పనులకి పోయారు. ఇంటికి వచ్చేసరికి చల్లగా ఉండాలని ఏసీలు వేసి పోయారు. తలుపు కింద సందులోంచి చల్లటి గాలి వచ్చి ఆమె పాదాలకి తగిలింది. లోపల కుర్చీలకి చల్లగా ఉంది. సోఫాలకి చల్లగా ఉంది. గోడ మీద గడియారానికి చల్లగా ఉంది. మనిషన్నవాడు ఒక్కడు లేడు ఆ మూడిళ్ళలో.

పార్కింగులోకి దిగింది. మీటర్ల పెట్టె తలుపు ఊడబెరికింది. మూడు ఇళ్ళ మెయిన్లూ ఒకదాని తర్వాత ఒకటి కిందికి లాగేసింది.

మళ్ళీ పైకి పరుగెత్తింది. వెనకగది గుమ్మంలో ఆగిపోయింది. డక్టులో చప్పుడు లేదు. ఇన్నేళ్ళ తర్వాత ఆ నిశ్శబ్దం, షెడ్డులో విన్నదే. ఆవిరి కళ్ళు తెరిచి ఉన్నాయి. ఒక్క క్షణం అతని కళ్ళల్లోకి అతను తిరిగొచ్చాడు.

"అక్కా... ఆగాయి."

"ఆగాయిరా."

"అన్నీ ఒక్కసారే." పెదవులు ఎండి అంటుకుపోతున్నాయి. "అందరూ... ఆపారా?"

ఆమె మంచం పక్కన కూర్చుంది. తడిగుడ్డ అతని గుండె మీద పరిచింది.

"అందరూ ఆపారురా. కలిసి ఆపారు. నీ కోసమే."

"నేను అనుకోలేదే," అన్నాడు ఆవిరి. ఓడిపోయినందుకు సంతోషపడినట్టు అన్నాడు. అంబులెన్సు వచ్చేసరికి ఆమె ఇంకా అతని చెయ్యి పట్టుకునే ఉంది. వాళ్ళు స్ట్రెచరు విప్పలేదు.

సాయంత్రం ముగ్గురూ ఇళ్ళకి వచ్చి, కరెంటు ఎందుకు లేదని కేకలేసుకుంటూ పార్కింగులోకి దిగారు. మీటర్ల పెట్టె దగ్గర కొంతసేపు గొడవపడ్డారు. తర్వాత పైనుంచి దింపుతున్నది ఏంటో చూసి నోళ్ళు మూసుకున్నారు.

పరామర్శకి మాత్రం కలిసి రాలేదు. ఒక్కొక్కరే వచ్చారు. ప్లీడరు వచ్చి నిలబడే గొంతు తగ్గించి, "నాకు ఆ రోజు తెలిస్తే నేనొక్కణ్ణయినా ఆపేవాణ్ణమ్మా," అన్నాడు. పార్లరావిడ మిషను పక్కన కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది. "వాళ్ళిద్దరూ ఆపకపోయినా నేనొక్కదాన్నే ఆపేదాన్ని అక్కా, ఒట్టు." జిమ్ము మాస్టారు గుమ్మం దగ్గరే నిలబడి తల దించుకుని, "నేనొక్కణ్ణి..." అని ఆగిపోయాడు. ఆ మాట అతనికే వినపడినట్టుంది. తిట్టడానికైనా ఎదురుగా ముగ్గురుండాలి. ఒక్కొక్కరుగా వచ్చేవాళ్ళని దర్జీ అక్క ఎలా తిడుతుంది?

కర్మకాండలన్నీ అయ్యాక ఒక పొద్దున ఆమె పార్కింగులోకి దిగింది. ప్లీడరు కారు దగ్గరే నిలబడి తాళం తీస్తున్నాడు. ఆమె అడగలేదు. కారు మీంచి బూడిదరంగు పరదా లాగి, దులిపి, భుజాన వేసుకుంది. ఆయన చూశాడు. సెక్షనేదీ చెప్పలేదు.

మూడు పరదాలనీ అంచులు కలిపి ఒకటిగా కుట్టింది. మందపాటి గుడ్డ, మిషను మొరాయించింది. రెండు సూదులు విరిగాయి. డాబా మీద నాలుగు గుంజలు నిలబెట్టి ఆ గుడ్డని కట్టేసింది, తెలుపు పైకి. అందరి ఆస్తి మీద చెయ్యి వేసింది. ఏ ఒక్కరూ కాదనలేదు. ఇప్పుడు కాదనడానికి వాళ్ళకి నోరెక్కడిది? పోయినాక అందరూ మంచివాళ్ళే.

దాని కింద నేల చల్లబడింది. నేల కింద వెనకగది కూడా చల్లబడింది. మంచం ఖాళీ.

మధ్యాహ్నం పూట ఆమె గుండీల డబ్బా పట్టుకుని వెళ్ళి ఆ పందిరి కింద కూర్చుంటోంది. తలెత్తితే గులాబి, బూడిద, ఎరుపు. ఎర్ర గుండీలు ఒక పక్కకి ఏరుతూ డక్టు వైపు చెవి పెట్టి వింటుంది. ఒక రోజున పార్లరావిడ పెట్టె ఈల వినపడలేదు. లేచి నిలబడింది. కాసేపు అలాగే విని, కిందికి వెళ్ళి అడుగుదామా అనుకుంది.

అడగలేదు. మళ్ళీ కూర్చుని గుండీలు ఏరింది. దగ్గూ పళ్ళు కొరకడమూ వినపడుతూనే ఉన్నాయి.